పక్షులు చూడటానికి బైనాక్యులర్ కొనేముందు

10 నుంచి 20 వేల రూపాయల్లో కొనేవారికి 8×42 సరిపోతుంది. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25 మి.మీ., కంటికి చేరే వెలుగు వలయం అంత వెడల్పు. తెల్లవారుజామున నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీది గూడబాతులను చూసేటప్పుడు ఆ వెలుగే అక్కరకొస్తుంది. 10×42లో చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. జూమ్ రకం జోలికి పోకండి, బొమ్మ మసకగా ఉంటుంది.

దుకాణంలో చెయ్యి చాపి వెలుతురు వైపు పట్టుకోండి. కన్ను పెట్టే వైపు అద్దాల్లో కనిపించే వెలుగు వలయాలు గుండ్రంగా ఉండాలి; అంచులు కోసినట్టు చతురస్రంగా కనిపిస్తే లోపల వెలుగును మళ్లించే గాజు దిమ్మ, అంటే ప్రిజం, నాసిరకం. తర్వాత దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు నిమిషాలు చూడండి. కళ్లు లాగినా, తలనొప్పి వచ్చినా రెండు గొట్టాలు ఒకే దిక్కుకు లేవన్నమాట. కళ్లజోడు పెట్టుకునేవారికి ఐ రిలీఫ్, అంటే బొమ్మ పూర్తిగా కనబడేలా అద్దానికీ కంటికీ మధ్య ఉండగల దూరం, కనీసం 16 మి.మీ. కావాలి.

చాలామంది అసలు ముట్టుకోనిది డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే రింగు. కుడి ముందు అద్దం మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోవాలి. ఆపై ఎడమది మూసి, చక్రాన్ని కదపకుండా కుడి కంటి దగ్గరి ఆ రింగు తిప్పాలి.

పులికాట్‌లో దూరపు ఫ్లెమింగోలకైతే ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్, అంటే ఒంటి గొట్టపు దుర్భిణి, కావాలి. ఎండ ముదిరాక వేడిగాలి అలలకు 60 రెట్లు దండగే, 25 దగ్గర ఆపండి. తీరంలో తేమకు అద్దాలకు బూజు పడుతుంది. సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచండి.