ఆఫీసు మెయిల్‌లో స్పామ్ తగ్గాలంటే: ఏ మెయిల్‌కి ఏ బటన్?

పోయినేడాది ఒక సప్లయర్‌తో ఫోన్‌లో గొడవ పెట్టుకున్నాను. "కొటేషన్ పంపి తొమ్మిది రోజులైంది సార్" అంటాడాయన. "రాలేదండీ, సెర్చ్ కొట్టి మరీ చూశాను" అంటాను నేను. చివరికి ఆయన తను పంపిన మెయిల్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అడ్రస్ సరిగ్గానే ఉంది, తేదీ సరిగ్గానే ఉంది. మెయిల్ మాత్రం నా ట్రాష్‌లో పడి ఉంది. అక్కడికి తోసింది ఎవరో కాదు, నేనే. స్పామ్ గోల పడలేక అంతకు నెల ముందు, 'డిస్కౌంట్' అనే మాట ఉన్న మెయిల్ ఏది వచ్చినా డిలీట్ చేసేయమని ఫిల్టర్ పెట్టుకున్నాను. పాపం ఆయన కొటేషన్ చివర "వెంటనే చెల్లిస్తే 2 శాతం డిస్కౌంట్" అని రాశాడు.

మాది జీడిమెట్లలో చిన్న కంపెనీ, నేను చూసేది పర్చేజ్. కొత్తవాళ్ల దగ్గర్నుంచి మెయిళ్లు రావడమే మా పని కాబట్టి, తెలియని అడ్రస్‌లన్నీ ఆపేస్తానంటే కుదరదు. ఆ గొడవ తర్వాత కూర్చుని చూసుకుంటే తెలిసిందేమిటంటే, స్పామ్ అని మనం ఒకే గాటన కట్టేసేవి నిజానికి మూడు రకాలు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి వికటిస్తుంది.

1. ఒక్కరోజు ఏదీ డిలీట్ చేయకండి

ఒక రోజంతా వచ్చిన చెత్తని అలాగే ఉంచి, సాయంత్రం ఓ పావుగంట కూర్చుని విడదీయండి. మొదటి రకం, మనమే ఎప్పుడో ఒప్పుకున్నవి: వెబినార్‌కి పేరిచ్చినందుకు, ఏదో సాఫ్ట్‌వేర్ ట్రయల్ వాడినందుకు, జాబ్ పోర్టల్‌లో పేరుండిపోయినందుకు వచ్చేవి. రెండోది, అడక్కుండా వచ్చి పడే అమ్మకాల మెయిళ్లు. మీ వెబ్‌సైట్‌ని గూగుల్ మొదటి పేజీలో పెడతాం, మీ రంగంలోని కొనుగోలుదారుల డేటాబేస్ ఇస్తాం అనే బాపతు. మూడోది మోసం.

రిప్లై ఆల్ కొట్టి యాభై మందికి "థాంక్స్" పంపే మన సొంత కొలీగ్స్ నాలుగో రకమే గానీ, వాళ్లకి బటన్ లేదు.

2. ఒప్పుకున్నవాటికి: అన్‌సబ్‌స్క్రైబ్

జీమెయిల్‌లో ఇలాంటి మెయిల్ తెరిస్తే పైన, పంపినవాళ్ల పేరు పక్కనే 'అన్‌సబ్‌స్క్రైబ్' అని కనిపిస్తుంది. ఔట్‌లుక్‌లోనూ చాలా మెయిళ్లకి పైభాగంలోనే వస్తుంది. మెయిల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే లింక్ కన్నా ఇది మేలు, ఎక్కడెక్కడికో తీసుకెళ్లి "ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని కాలక్షేపం చేయదు.

ఇది ఇప్పుడు ఇంత సులువైందంటే కారణముంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి కొత్త నియమాలు పెట్టాయి. వ్యక్తిగత జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో బయటపడే దారి ఇవ్వాలి, అడిగిన రెండు రోజుల్లో పేరు తీసేయాలి. వాళ్ల మెయిళ్లని స్పామ్ అని రిపోర్ట్ చేసేవాళ్ల శాతం 0.3కి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే చాలు, వాళ్లకి కష్టాలు మొదలైనట్టే. నియమం వ్యక్తిగత అడ్రస్‌లకే అయినా, పంపేవాళ్లు అదే ఏర్పాటుతో అందరికీ పంపుతారు కాబట్టి ఆఫీసు మెయిల్‌కీ ఆ లాభం దక్కుతుంది.

కాబట్టి వరస ఇది. ముందు అన్‌సబ్‌స్క్రైబ్. వారం ఆగండి. అయినా వస్తోందంటే అప్పుడు మొహమాటం లేకుండా 'రిపోర్ట్ స్పామ్'. ముందే స్పామ్ నొక్కేస్తే, అదే కంపెనీ పంపే ఇన్‌వాయిస్‌లూ రసీదులూ కూడా వాటి వెంటే స్పామ్‌లోకి పోయే ప్రమాదం ఉంది.

3. అమ్మకాల మెయిళ్లకి: జవాబివ్వకండి, ఫిల్టర్ పెట్టండి

"ప్లీజ్ రిమూవ్ మై నేమ్" అని మర్యాదగా రాసినా, తిట్టి రాసినా ఫలితం ఒకటే: ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు అని వాళ్లకి తెలుస్తుంది. ఇక వారానికో "జస్ట్ ఫాలోయింగ్ అప్" తప్పదు.

ఈ జబ్బు పాతదే. 1978లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కి మూలమైన అప్పటి ఆర్పానెట్ నెట్‌వర్క్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. దాన్నే మొదటి స్పామ్ అంటారు. తిట్లు బాగా పడ్డాయి. అమ్మకాలు కూడా బాగా జరిగాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఇవి ఎందుకు ఆగవో అర్థమైందిగా!

బ్లాక్ చేస్తే సరిపోదా అంటే, అంతగా సరిపోదు. వీళ్లు తమ కంపెనీ పేరుకి ముందు 'ట్రై' అనో 'గెట్' అనో తగిలించి కొత్త డొమైన్‌లు (అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత ఉండే పేర్లు) కొనుక్కుంటారు. ఒకటి బ్లాక్ చేస్తే ఇంకోదాన్నుంచి పంపుతారు. మారనిది వాళ్ల మాట. అందుకే మాట మీద ఫిల్టర్ పెట్టాలి.

జీమెయిల్‌లో సెర్చ్ పెట్టె కుడి చివర గీతలున్న చిన్న బొమ్మ ఉంటుంది. అది నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. 'హాజ్ ద వర్డ్స్' అన్న చోట ఒక్క పదం కాకుండా, అసలు మెయిళ్లలో రాని నాలుగైదు పదాల వాక్యం ముక్కని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. వెంటనే ఫిల్టర్ చేసేయకండి, ముందు సెర్చ్ కొట్టి చూడండి. పాత మెయిళ్లలో ఆ మాటతో ఏవేవి బయటికొస్తాయో కళ్లారా చూస్తారు. అందులో ఒక్క పనికొచ్చే మెయిల్ కనిపించినా మాట మార్చండి. నేను ఆ రోజు ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు, 'డిస్కౌంట్' అనే మాటకి సగం మంది సప్లయర్లు బయటికొచ్చి ఉండేవాళ్లు.

తర్వాత 'క్రియేట్ ఫిల్టర్'. అక్కడ 'డిలీట్ ఇట్' జోలికి పోవద్దు. 'స్కిప్ ద ఇన్‌బాక్స్' టిక్ చేసి, ఒక లేబుల్ తగిలించండి. నా లేబుల్ పేరు 'తర్వాత చూద్దాం'. ఔట్‌లుక్‌లో ఇదే పని సెట్టింగ్స్‌లో మెయిల్ కింద ఉండే 'రూల్స్'లో చేయాలి, అక్కడా డిలీట్ బదులు వేరే ఫోల్డర్‌కి పంపండి.

ఇంకో చిన్న పని. ఇలాంటి మెయిళ్లలో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి దాచి ఉంచుతారు. మీరు మెయిల్ తెరవగానే ఆ బొమ్మ వాళ్ల సర్వర్ నుంచి లోడ్ అవుతుంది, తెరిచారని వాళ్లకి కబురు అందుతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'ఇమేజెస్' దగ్గర, బయటి బొమ్మలు చూపించే ముందు అడగమనే ఆప్షన్ ఎంచుకుంటే ఆ కబురు ఆగిపోతుంది. మొదటి రెండు రోజులు మెయిళ్లన్నీ బోసిగా కనిపిస్తాయి, తర్వాత అలవాటైపోతుంది.

4. మోసపు మెయిళ్లకి: దేన్నీ ముట్టుకోకండి

వీటికి అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ కూడా నొక్కకూడదు. ఆ లింకే ఉచ్చు కావచ్చు.

పర్చేజ్, అకౌంట్స్ వాళ్లకి వచ్చే మోసం లాటరీ లాగా ఉండదు. ఇలా ఉంటుంది: మీరు మామూలుగా సరుకు కొనే కంపెనీ పేరుతో, పాత ఆర్డర్ నంబరు కూడా వేసి, "ఆడిట్ కారణంగా మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి పేమెంట్ కింది ఖాతాకి పంపగలరు" అని రెండే లైన్లు. సంతకం, లోగో అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. మాకు అలాంటిది వచ్చినప్పుడు పట్టించింది మా అకౌంట్స్ లక్ష్మిగారు. అడ్రస్‌ని కాపీ చేసి వర్డ్‌లో పెట్టి, అక్షరాల సైజు 48కి పెంచి చూపించారు. ఆ కంపెనీ పేరులో ఇంగ్లిష్ 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి. మామూలు సైజులో ఆ రెండూ కలిసిపోయి ఎమ్‌లానే కనిపిస్తాయి. నేనైతే పేమెంట్‌కి పంపేసేవాణ్ణే.

ఖాతా మారింది అన్న మెయిల్ వస్తే ఫోన్ చేయండి. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, పాత ఆర్డర్ కాగితం మీదున్న నంబరుకి.

జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షల ఫలితం కనిపిస్తుంది. ఫెయిల్ అని ఉంటే అనుమానించాల్సిందే. కానీ మూడూ పాసైనంత మాత్రాన నమ్మకండి. ఆ మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే అవి చెబుతాయి, ఆ డొమైన్ ఎవరిదో చెప్పవు. దొంగ సొంతంగా కొనుక్కున్న డొమైన్ కూడా శుభ్రంగా పాసవుతుంది.

తర్వాత అదే మూడు చుక్కల్లో 'రిపోర్ట్ ఫిషింగ్' కొట్టండి. ఔట్‌లుక్‌లో 'రిపోర్ట్' బటన్ కింద ఉంటుంది. మీ ఐటీ వాళ్లకి పంపాలనుకుంటే ముందే 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' చేయండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే వాళ్లకి కావలసిన లోపలి వివరాలు పోతాయి. పొరపాటున డబ్బు పంపేసి ఉంటే మాత్రం, బాస్‌కి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి. వెంటనే మీ బ్యాంకుకి చెప్పి, 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క.

5. అడ్రస్ ఎక్కడ కారుతోందో చూసుకోండి

డీఎన్‌డీ పెట్టుకుంటే ఆగవా అని చాలామంది అడుగుతారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) ఫోన్ కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే. ఈమెయిల్‌కి వర్తించదు.

నా అడ్రస్ ఎక్కువగా కారింది హైటెక్స్‌లో జరిగే ఎగ్జిబిషన్లలో. స్టాల్ ముందు గాజు గిన్నె పెడతారు, విజిటింగ్ కార్డు వేస్తే లక్కీ డ్రా. నాకు ఇప్పటిదాకా ఏ బహుమతీ రాలేదు, మెయిళ్లు మాత్రం వందల్లో వచ్చాయి. ఇప్పుడు ఒక చిట్కా వాడుతున్నాను. ఎక్కడైనా ఫారం నింపేటప్పుడు నా మెయిల్ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేరుస్తాను, 'ప్లస్ ఎక్స్‌పో' లాగా. మెయిల్ నాకే వస్తుంది, కానీ ఎవరికిచ్చిన అడ్రస్‌కి వచ్చిందో తెలిసిపోతుంది. ఆ అడ్రస్ మీద ఒక్క ఫిల్టర్ పెడితే ఆ గుంపంతా పక్కకి పోతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో, అంటే ఆఫీసులు వాడే జీమెయిల్‌లో, ఇది పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లో కూడా మామూలుగా పనిచేస్తుంది, అడ్మిన్ ఆపేసి ఉంటే తప్ప. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తు ఒప్పుకోవు, ఏం చేస్తాం.

మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉద్యోగుల అడ్రస్‌లు అక్షరాలుగా రాసి ఉంటే, వాటిని ఏరుకునే ప్రోగ్రామ్‌లకి పండగే. తీయించి ఫారం పెట్టించండి. ఆఫీసు మెయిల్‌తో బిర్యానీ ఆర్డర్లు, రైలు టికెట్లు వద్దు. రేపు ఉద్యోగం మారితే ఆ లాగిన్‌లూ పోతాయి.

6. ఐటీ వాళ్లని రెండు అడగండి

బయటినుంచి వచ్చే ప్రతి మెయిల్ మీద 'ఎక్స్‌టర్నల్' అని ముద్ర పడేలా పెట్టమనండి. బాస్ పేరుతో వచ్చిన మెయిల్ మీద ఆ ముద్ర కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. రెండోది, మన కంపెనీ డొమైన్‌కి డీమార్క్ పెట్టారా అని అడగండి. లేకపోతే మన పేరుతో వేరేవాళ్లు మన కస్టమర్లకే స్పామ్ పంపొచ్చు.

7. శుక్రవారం స్పామ్ ఫోల్డర్ చూడండి

జీమెయిల్‌లో స్పామ్, ట్రాష్ రెండూ 30 రోజులకి ఖాళీ అయిపోతాయి. పైగా మామూలు సెర్చ్ ఆ రెండింటిలో వెతకదు. నేను సప్లయర్ పేరు కొట్టినా మెయిల్ దొరకనిది అందుకే. సెర్చ్ ఫారం అడుగున ఎక్కడ వెతకాలో అడిగే చోట, స్పామ్, ట్రాష్ కూడా కలిసిన ఆప్షన్ ఎంచుకోవాలి. పనికొచ్చేది కనిపిస్తే 'నాట్ స్పామ్' నొక్కి, ఆ అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో చేర్చండి.

నేను శుక్రవారం నాలుగింటి టీ తాగుతూ చూస్తాను, ఐదు నిమిషాల పని. పోయిన వారం 114 మెయిళ్లుంటే పనికొచ్చేది ఒక్కటే దొరికింది: మా హెచ్ఆర్ పంపిన పండగ సెలవుల జాబితా.