సైట్ మీద ఇన్సూరెన్స్: మేస్త్రిలు, చిన్న బిల్డర్లు ఏం తీసుకోవాలె, ఎట్ల తీసుకోవాలె

మన దిక్కు స్లాబ్ ఏసే రోజు మ్యాకను కోసి పనోళ్లందరికి దావత్ ఇచ్చుడు ఆనవాయితీ, దానికి పైసలు ముందే పక్కకు పెడతరు, కానీ ఆ స్లాబ్ మీద ఎక్కి పనిచేసేటోళ్లకు పాలసీ ఉందా అని అడిగితే ఓనర్ మేస్త్రి మొఖం చూస్తడు, మేస్త్రి ఓనర్ మొఖం చూస్తడు. హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి దిక్కు చిన్న చిన్న అపార్ట్‌మెంట్లు లేపే బిల్డర్లు, లేబర్ రేటుకు ఇండ్లు పట్టే మేస్త్రిలు, సెంట్రింగ్, ప్లంబింగ్, కరెంట్, టైల్స్ పనోళ్లు, వీళ్ల కోసం రాస్తున్న. బ్యాంకోళ్లు హోమ్ లోన్‌తో పాటు అంటగడతరు సూడు ఒక పాలసీ, అది ఓనర్ ప్రాణం మీద ఉంటది, దానికీ సైట్‌కూ సంబంధం లేదు, అది ఉందని ధీమాగ ఉండకండి.

చేతిల పైసలు ఒక్క పాలసీకే సరిపోతయి అంటే ముందు పనోళ్ల పాలసీ తీసుకోండి, బిల్డింగ్ సంగతి తర్వాత. దాన్ని ఎంప్లాయీస్ కంపెన్సేషన్ పాలసీ అంటరు, పాత ఏజెంట్లు ఇంకా వర్క్‌మెన్ పాలసీ అనే అంటరు. పని మీద దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పనిచ్చినోడు పరిహారం కట్టాలని 1923 నుంచి చట్టం ఉంది, ఇప్పుడు అవే సంగతులు 2025 నవంబర్ 21 నుంచి అమలైన సోషల్ సెక్యూరిటీ కోడ్‌ల ఉన్నయి. లెక్క ఎట్లంటే, మనిషి చనిపోతే నెల జీతంల సగం తీసుకొని వయసును బట్టి ఉండే ఫ్యాక్టర్‌తోని గుణిస్తరు. జీతం ఎంతున్నా ఈ లెక్కకు నెలకు 15,000 దాకనే పడతరు, 2020 జనవరిల పెట్టిన లిమిట్ అది. 30 ఏండ్లోనికి ఫ్యాక్టర్ 207.98, అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. నడుము ఇరిగి ఇగ జన్మల పని చేయలేని స్థితి అయితే సగం కాదు 60 శాతం పడతది, అదే వయసుకు 18,71,820. పది పదిహేను లక్షల ఇల్లు లేబర్ రేటుకు పట్టిన మేస్త్రి ఈ పైసలు ఏడికెళ్లి తెస్తడు? ఇంక నెల లోపల కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండ ఆలస్యం చేస్తే పరిహారంల సగం దాకా పెనాల్టీ ఏస్తరు, ఆ పెనాల్టీ మామూలుగ ఇన్సూరెన్సోడు కట్టడు, మన జేబుల నుంచే పోతది.

తీసుకునేటప్పుడు మనోళ్లు దెబ్బతినేది జీతాలు రాసే కాడ. ప్రీమియం అనేది మొత్తం మీద ఇచ్చే కూలి లెక్క మీద, పని రకం మీద ఉంటది కాబట్టి ప్రీమియం తగ్గాలని ఇరవై మంది ఉన్న కాడ ఎనిమిది మందిని, 900 కూలి ఇచ్చే కాడ 400 రాయిస్తరు, రేపు కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరో ఇన్వెస్టిగేటరో వచ్చి హాజరు పుస్తకం అడిగితే ఏం చూపెడతరు. అడ్డా మీద నుంచి రోజుకో మనిషిని తెచ్చుకునే పని కాబట్టి పేర్లు అవసరం లేకుండ, ఏ పనోళ్లు ఎంత మంది, మొత్తం కూలి ఎంత అన్న లెక్క మీద పాలసీ అడగండి. సైట్‌ల మాత్రం ఒక పుస్తకం పెట్టి రోజూ పేరు, ఊరు, వయసు, కూలి రాసి సంతకమో ఏలిముద్రో తీసుకోండి, ఆధార్ ఫోటో ఫోన్‌ల ఉంచుకోండి, బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినోళ్లయితే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఏదన్న అయినంక ఆ మనిషి మీ సైట్‌ల పనిచేసిండని నిరూపించే కాయితం ఇదొక్కటే. దవాఖాన ఖర్చులు పాలసీల ఉన్నయా, ఎంత వరకు ఉన్నయి అని విడిగ అడగండి, చాలా కంపెనీలు అది ఎక్స్‌ట్రా కవర్ కిందనే ఇస్తయి.

బిల్డర్లు ఇంకోటి చూసుకోవాలె. సెంట్రింగ్ ఒకనికి, సలాక పని ఒకనికి, ప్లాస్టరింగ్ ఒకనికి గుత్తకిచ్చినం, వాళ్ల మనుషులతోని మాకేం పని అంటే చట్టం ఒప్పుకోదు. మీ వ్యాపారంల భాగమైన పనిని ఇంకోనికి గుత్తకిచ్చినా వాని కూలీకి ముందు మీరే కట్టాలె, తర్వాత వాని దగ్గర వసూలు చేసుకోవాలె. అందుకే సబ్ కాంట్రాక్టర్ మనుషులు కూడా కవర్ అవుతరు అని పాలసీల రాయించండి, లేదంటే వాని పాలసీ కాపీ చేతికొచ్చినంకనే పని మొదలు పెట్టనీయండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం అయ్యేది మాత్రం పెద్దమనుషుల పంచాయితీ కాడ. గోవ, అంటే గోడ పని చేయనీకి కట్టే కట్టెల మంచె, దాని మీద నుంచి మనిషి పడి చనిపోతడు, శవం ఎంజీఎం దవాఖానల ఉంటది, బయట చుట్టాలు, లీడర్లు, కులపెద్దలు, అందరు కూసోని ఐదు లక్షలకో ఏడు లక్షలకో ఒప్పించి వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకుంటరు. బిల్డర్ అయిపోయింది అనుకుంటడు. అయిపోలేదు. మరణం కేసుల పరిహారం అనేది పాత చట్టంల కమిషనర్ అనేటోళ్లు, ఆ అధికారం ఉన్న లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసర్ దగ్గర డిపాజిట్ చేస్తేనే కట్టినట్టు లెక్క, చేతికిచ్చినయి అడ్వాన్స్ కింద మూడు నెలల జీతం వరకే ఎక్కుతయి. రేపు ఆ ఇంటామె కేసేస్తే మళ్ల మొత్తం కట్టాలె. పైగ కంపెనీకి చెప్పకుండ తప్పు ఒప్పుకున్నా, సెటిల్‌మెంట్ చేసుకున్నా పాలసీ కండిషన్ తప్పినట్టే, వాళ్లు చేతులెత్తేస్తరు. దహనం ఖర్చులకు, ఇంటోళ్ల తిండికి ఇయ్యండి, తప్పకుండ ఇయ్యండి, అది మనిషితనం, కానీ పరిహారం మాత్రం ఆఫీస్‌ల కట్టండి. ఇంటోళ్లకూ అదే మేలు, చేతికిచ్చిన పైసలల్ల మధ్యల ఎవరెవరు ఎంత తిన్నరో ఎవరికి తెలుసు.

మేస్త్రి అన్నలూ, మీ కూలీల పేరు మీద తీసుకున్న పాలసీల మీరు ఉండరు, మీరు యజమాని లెక్క. మీకు మీరు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవాలె, పని ఏందని అడిగితే గోవ మీద ఎక్కి పనిచేస్తా అనే నిజం రాయించండి, దుకాణం అని రాయిస్తే తర్వాత గొడవ. కనీసం బ్యాంకుల ప్రధానమంత్రి సురక్షా బీమా అన్న రాయించండి, ఏడాదికి 20 రూపాయలు, యాక్సిడెంట్‌ల పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏండ్ల దాకా, మే ఆఖరుకు ఖాతాల పైసలు లేకపోతే కట్ కాక పాలసీ పోతది. లేబర్ కార్డు ఉంటే భవన నిర్మాణ కార్మికుల బోర్డు నుంచి వచ్చేది వేరే, దీనికి దానికి ముడిపెట్టకండి.

ఇగ బిల్డింగ్ మీద పాలసీ, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అంటరు. కడుతుండగ వరద, అగ్గి, కూలిపోవుడు, దొంగతనం ఇట్ల నష్టం అయితే ఇచ్చేది, దాంట్ల రెండో భాగం బయటోళ్లకు అయ్యే నష్టానికి. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64.98 సెంటీమీటర్ల వాన పడ్డది, వరంగల్ దిక్కు హంటర్ రోడ్డు, నయీంనగర్ మునిగినయి, మళ్ల 2025 అక్టోబర్‌ల మోంథా తుఫానుకు అదే కథ. నాలా పక్కన పునాది తీసినోళ్లు వరద కవర్ ఉందో లేదో, దానికి మన వాటా కింద ఎంత కోత పెట్టిన్రో కొటేషన్‌లనే చూసుకోవాలె.

సమ్ ఇన్సూర్డ్ అంటే పని పూర్తి విలువ. లేబర్ రేటు పనుల ఇక్కడే తప్పు పోతది, మేస్త్రి తన కూలి లెక్కనే రాయిస్తడు, ఓనర్ కొన్న సిమెంటు, సలాక, ఇసుక రాయించడు. 60 లక్షల పనికి 40 లక్షలు రాస్తే 6 లక్షల నష్టానికి 4 లక్షలే లెక్కకడతరు, దాంట్ల మళ్ల కోత. ఓనర్ పేరు, కాంట్రాక్టర్ పేరు రెండూ పాలసీల ఉండాలె. పక్కింటి గోడ సంగతి చెప్తే, మనం సెల్లార్ తవ్వితే వాళ్ల గోడ పగిలిందంటే అది మామూలు పాలసీల రాదు, అదురు, ఆసరా పోవుడు అన్న ఎక్స్‌ట్రా కవర్ తీసుకోవాలె, తవ్వే ముందు పక్కింటి గోడలు తేదీ పడేటట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి, పాత బీటలు కూడా మన మీదనే ఏస్తరు.

రానివి ఏంటంటే, డిజైన్ తప్పు, నాసిరకం పని సరిచేసే ఖర్చు, పని లేటయిన జరిమానా, స్టోర్ లెక్క చూస్తే పది బస్తాలు తక్కువచ్చినయి అన్న బాపతు. పైసల్లేక పని ఆపితే కంపెనీకి రాసి ఇయ్యండి, గడువు దాటితే అయిపోకముందే పొడిగించుకోండి. కింద పోర్షన్ కిరాయికిచ్చి పైన కట్టేటోళ్లు మన దగ్గర మస్తు మంది, వాడుకల పెట్టిన భాగానికి ఈ పాలసీ ఆడికే ఆగిపోతది, దానికి వేరే ఇంటి పాలసీ తీసుకోవాలె.

కాంక్రీట్ కలిపే మిల్లర్, సామాన్ పైకెక్కించే లిఫ్ట్ లాంటివాటికి మెషినరీ పాలసీ వేరే, జేసీబీ, టిప్పర్, ట్రాక్టర్‌కు బండి ఇన్సూరెన్స్ వేరే. ట్రాలీల కూలీలను ఎక్కించుకొని పోవద్దు, యాక్సిడెంట్ అయితే బండి పాలసీ వాళ్లకు పనికిరాకపోవుడే ఎక్కువ.

ఏదన్న అయితే అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి, ఏజెంట్‌కు ఫోన్ చేస్తే సరిపోదు. మనుషులను కాపాడే పని తప్ప శిథిలాలు కదిలించకుండ వీడియో తీయండి, దొంగతనం, మరణం అయితే ఎఫ్ఐఆర్, మరణానికి పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్, హాజరు పుస్తకం, సామాన్ల బిల్లులు రెడీ చేసుకోండి. సర్వేయర్‌కు ఇచ్చిన ప్రతి కాయితానికి అందినట్టు సంతకం తీసుకోండి. కంపెనీ క్లెయిమ్ ఇయ్యమంటే ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగానికి, అంటే గ్రీవెన్స్‌కు రాయండి, ఇన్సూరెన్స్ ఫిర్యాదుల కోసం ఉన్న బీమా భరోసా పోర్టల్‌ల కూడా పెట్టొచ్చు, నెల దాకా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌ల ఇసొంటి గొడవలు తీర్చే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ ఉన్నడు, 50 లక్షల లోపు గొడవలకు, ఒక్కని పేరు మీద నడిచే చిన్న సంస్థలు కూడా పోవచ్చు, ఫీజు లేదు, వకీల్ అక్కర్లేదు, కానీ కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపలనే పోవాలె.