మొదటి డ్రిల్ రాత్రి డ్యూటీలోనే
1908 సెప్టెంబరు నాటి మూసీ వరదను, 2020 అక్టోబరు వానలను చూసిన హైదరాబాద్‌లో ఆస్పత్రి సిబ్బందికి విపత్తు శిక్షణను పగటిపూట ఉపన్యాసంతో సరిపెట్టడం తగదు. మనుషులు పలచగా ఉండే రాత్రి డ్యూటీలోనే మొదటి డ్రిల్ జరపాలి. మంటలు చెలరేగాయనుకొని, నడవలేని రోగిని దుప్పటితో సహా నేలమీదికి దించి, తలవైపు అంచులను బిగించి పట్టుకొని, తల కాస్త ఎత్తి ఉంచుతూ, ముందుగా అదే అంతస్తులో పొగలేని భాగానికి లాక్కెళ్లడం ఆయాలు, వార్డుబాయ్‌లు సహా అందరిచేతా చేయించాలి. లిఫ్టు వాడరాదు. వార్డుకు గొట్టాల ద్వారా వచ్చే ఆక్సిజన్ వాల్వును ఎవరు మూయాలో ముందే నిర్ణయించాలి. ఆ ఆక్సిజన్‌పై ఆధారపడిన రోగులకు సిలిండర్లు అమర్చాకే మూయాలి. క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చినప్పుడు గట్టిగా అరిచేవారికే, తక్షణ చికిత్స అవసరమని సూచించే ఎరుపు ట్యాగు కట్టడం కొత్తవారి పొరపాటు (అరుస్తున్నారంటే ఊపిరి ఆడుతున్నట్లే). మౌనంగా పడి ఉన్నవారిని ముందు చూడటం నేర్పాలి.