షిప్పింగ్ బిల్లు నేర్చుకుందాం, 4వ పాఠం: ఎస్‌బీ005 గొడవ

ఈ వారం ఈ-సంచిత్‌లో (కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ కాగితాల పెట్టె) కాగితాలు ఎక్కించడం చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి. పోయిన పాఠం చూసి సొంతంగా షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కి ఇచ్చే ప్రకటన) వేసుకున్న ముగ్గురిదీ ఒకటే బాధ. "సరుకు పోయింది, పార్టీ పైసలు పంపిండు. కట్టిన ఐజీఎస్‌టీ మాత్రం వాపసు రాలే. ఐస్‌గేట్‌లో చూస్తే ఎస్‌బీ005 అని ఉంది" అంటున్నారు. ఐజీఎస్‌టీ అంటే ఎగుమతి సరుకు మీద కట్టిన జీఎస్‌టీ, ఐస్‌గేట్ అంటే కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైటు, ఎస్‌బీ005 అంటే ఇన్‌వాయిస్ నంబర్లు కలవలేదని. తప్పులో సగం నాదే. "ఇన్‌వాయిస్ నంబరు వేయండి" అని ఒక్క ముక్కతో దాటేశాను. ఏ ఇన్‌వాయిస్ అన్నది చెప్పలేదు.

అన్నట్టు, ఇవన్నీ మా ఊరి సింగిల్ విండోలో ఇస్తే కాదా అని జమ్మికుంట నుంచి ఒకాయన అడిగారు. అది ఎరువులు, పంట రుణాలు ఇచ్చే సహకార సంఘం సార్. మనం చెప్పుకునేది కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ సింగిల్ విండో. పేరు ఒకటే, పని వేరు.

సంగతికి వద్దాం. ఐజీఎస్‌టీ కట్టి ఎగుమతి చేస్తే వాపసుకి వేరే దరఖాస్తు ఉండదు. షిప్పింగ్ బిల్లే దరఖాస్తు. మీరు జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్) ఎగుమతుల 6ఏ పట్టికలో రాసిన వివరాలనూ షిప్పింగ్ బిల్లునూ కంప్యూటర్ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఎదురుగా గుమస్తా ఉంటే "రెండూ ఒకటేలే" అని సర్దుకుంటాడు. కంప్యూటర్ సర్దుకోదు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొని పంపే తమ్ముడు ఏం చేశాడంటే, విదేశీ పార్టీకి "ఎక్స్‌పీ-12" అని ఒక ఇన్‌వాయిస్, జీఎస్‌టీకి "112" అని ఇంకోటి కొట్టాడు. షిప్పింగ్ బిల్లులో మొదటిది, 6ఏలో రెండోది వేశాడు. అంతే, ఎస్‌బీ005. షిప్పింగ్ బిల్లులో వేయాల్సింది జీఎస్‌టీ ఇన్‌వాయిస్ నంబరే. కొత్తవాడ దర్రీలు పంపే ఇంకొకరికి ఇన్‌వాయిస్ ఒకటే, కానీ ఒకచోట అడ్డగీత, ఇంకోచోట ఏటవాలు గీత. మూడో ఆయన సున్నా బదులు ఇంగ్లీషు 'O' అక్షరం కొట్టాడు. ఇది కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఇంకో పీడ ఎక్సెల్. "07-24" అని కొడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది, "007" కొడితే ముందరి సున్నాలు మింగేస్తుంది. మనం చూడం.

రూల్ ప్రకారం 16 అక్షరాల దాకా, రెండు రకాల గీతలతో సహా వాడొచ్చు. నేనైతే గీతలు వాడను, ముందు సున్నాలు పెట్టను. 2501, 2502 అంతే. పార్టీకీ జీఎస్‌టీకీ ఒకే ఇన్‌వాయిస్. ఆడిటర్ గారికి అందంగా కనిపించదట, కనిపించకపోతే మానె.

ఎస్‌బీ001 (షిప్పింగ్ బిల్లు వివరాలు కలవలేదని) వచ్చినవాళ్లు పోర్టు కోడ్ చూసుకోండి. సనత్‌నగర్ ఐసీడీలో (ఓడరేవు లేని ఊళ్లో ఉండే కంటైనర్ డిపో) షిప్పింగ్ బిల్లు వేసి, సరుకు ముంబై దగ్గర నవశేవ రేవులో ఓడ ఎక్కింది కదా అని 6ఏలో నవశేవ కోడ్ రాస్తున్నారు. బిల్లు ఎక్కడ వేశారో ఆ కోడే రాయాలి, అంటే ఐఎన్ఎస్ఎన్ఎఫ్6. చివరి అంకె 6 అంటే ఐసీడీ, 1 అంటే ఓడరేవు, 4 అంటే విమానాశ్రయం.

సరిచేయడం: తప్పు జీఎస్‌టీఆర్-1లో ఉంటే తర్వాతి రిటర్న్‌లో 9ఏ పట్టికలో దిద్దండి. షిప్పింగ్ బిల్లులో ఉంటే, ఏ నంబరు దేనికి సమానమో పట్టిక రాసి, వెయ్యి రూపాయల ఫీజు కట్టి, బిల్లు వేసిన చోటి కస్టమ్స్ వాళ్లకు ఇవ్వాలి. ఐస్‌గేట్‌లో ఏ కోడూ కనిపించకపోతే ముందు జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్) వేశారా చూడండి. ఎస్‌బీ006 అంటే సరుకు ఓడ ఎక్కి వెళ్లిందన్న నివేదిక అందలేదని. దానికి ఓడ కంపెనీ వెంట పడాలి, మీ చేతిలో పని కాదు.

అభ్యాసం: ఈ ఏడాది మీ ఎగుమతి ఇన్‌వాయిస్‌లు అన్నీ తీయండి, పది ఉంటే పదీ. ఒకరు జీఎస్‌టీఆర్-1 నుంచి ఒక్కో అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు షిప్పింగ్ బిల్లు మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. గీత వస్తే "అడ్డం", "ఏటవాలు" అని చెప్పాలి. కాపీ పేస్టు చేసి పోల్చడం కుదరదు. ఇంకా ఎగుమతి చేయనివాళ్లు మూడేళ్లకు సరిపడా ఇన్‌వాయిస్ నంబర్ల వరుస ఒకటి అనుకుని, అది ఎక్సెల్‌లో కొట్టి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూడండి. మారిందేమో రాయండి.