వైపర్ ఆగిందా? మోటారు కొనేముందు ఇవి చూడండి

వైపర్ ఆడటం లేదని షెడ్డుకు తీసుకెళ్తే ముందు వినిపించే మాట "మోటారు పోయింది". 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 లాంటి పాత బండ్లలో చాలాసార్లు మోటారు నిక్షేపంగానే ఉంటుంది. చెడేవి దాని తర్వాత ఉండి కదలికను బ్లేడ్లకు అందించే కడ్డీలు, వాటి కీళ్లలోని బుష్‌లు, బ్లేడును పట్టుకునే ఆర్మ్‌లు కూర్చునే ఇరుసులు, అంటే స్పిండిళ్లు. బిగుసుకుపోయిన స్పిండిల్‌ను అలాగే వదిలేసి కొత్త మోటారు వేస్తే అదీ కాలిపోతుంది.

ముందు చెవిపెట్టి వినండి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ రెండు బ్లేడ్లూ కదలకపోతే, కడ్డీ బుష్ ఊడిందో, మోటారు క్రాంక్ (మోటారు షాఫ్ట్‌కు బిగించి, కడ్డీని ఆడించే చిన్న చెయ్యి) నట్టు వదులైందో, లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు పోయాయో అయి ఉంటుంది. ఒక్క బ్లేడే ఆగితే ఆ ఆర్మ్ నట్టు వదులై పళ్లు జారుతున్నట్టు. రెండూ ఈడ్చుకుంటూ కదులుతుంటే స్పిండిల్ మీద అనుమానపడండి. స్విచ్చి ఆపగానే బ్లేడ్లు అద్దం మధ్యలోనే నిలిచిపోతే మోటారు గేరు పెట్టెలోని పార్కింగ్ కాంటాక్టు (బ్లేడ్లను వాటి చోటికి తెచ్చి ఆపేది) చూడాలి. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు. పోయిందని పెద్ద ఫ్యూజు వేయొద్దు, వైరింగు కాలుతుంది.

విప్పేముందు వైపర్లను నడిపి స్విచ్చితోనే ఆపి, అవి ఆగినచోట అద్దం మీద మాస్కింగ్ టేపు అంటించండి. వైపర్లు కదలని బండైతే అద్దం మీది దుమ్ము గీతే గుర్తు. ఆ తర్వాత బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్ తీసేయండి.

నట్టు విప్పినంత మాత్రాన ఆర్మ్ ఊడిరాదు, ఏళ్ల తుప్పు పట్టేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అద్దానికి ఆనించి లేపారో, అద్దానికి కొత్త ఖర్చు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి 15 నిమిషాలు ఆగండి. ఆర్మ్‌ను సగం ఎత్తిపట్టి అటూఇటూ ఊపుతూ లాగండి. అయినా రాకపోతే బ్యాటరీ టెర్మినల్ పుల్లర్ సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు మోటారు క్రాంక్ నుంచి కడ్డీని విడదీసి స్పిండిళ్లను చేత్తో తిప్పి చూడండి. వేళ్లతో పట్టుకుంటే సులువుగా తిరగాలి. పట్టుకారు కావాల్సి వచ్చిందంటే దొంగ దొరికినట్టే. క్రాంక్ నట్టును మాత్రం ఊరికే విప్పకండి. తప్పకపోతే షాఫ్ట్‌కూ క్రాంక్‌కూ కలిపి మార్కర్‌తో గీత గీయండి, లేకపోతే పార్కింగ్ చోటు మారిపోతుంది.

స్పిండిల్ పైన సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉంటే దాన్ని, వాషర్లను వరసగా తీస్తూ ఫోనులో ఫొటో తీసుకోండి. షాఫ్ట్ కిందికి జారి వస్తుంది. దాని మీద గోధుమరంగు తుప్పు పొడి, బంకలా ఎండిన గ్రీజు కనిపిస్తాయి. కిరసనాయిల్‌తో కడిగి, 400 నంబరు ఎమిరీ కాగితంతో నున్నగా రుద్ది, గొట్టం లోపల కూడా గుడ్డతో తుడవండి. లిథియం గ్రీజు పూసి, పై రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చండి. నీళ్లు దిగేది అక్కడినుంచే. విప్పకుండా పైపైన స్ప్రే కొట్టి సరిపెడితే ఆ పల్చటి నూనె మిగిలిన గ్రీజునూ కడిగేస్తుంది, కొద్దిరోజులకు మళ్లీ పట్టేస్తుంది.

కడ్డీ చివర గుండు మీద కూర్చునే ప్లాస్టిక్ బుష్ కోలగా అరిగితే వైపర్లు టకటకమంటాయి. కొత్త బుష్‌ను వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. గ్రీజు నింపి వాటర్ పంప్ ప్లేయర్‌తో నొక్కితే టక్కున కూర్చుంటుంది. సుత్తితో కొడితే పగులుతుంది. తీగతో కట్టి నడిపించడమూ చూస్తుంటాం, జోరువానలో ఆ తీగ నిలవదు.

కడ్డీ విడిగా ఉండగానే బ్యాటరీ తగిలించి మోటారును ఒంటరిగా తిప్పండి. అప్పటికీ నెమ్మదిగా ఉంటే, ఇంజన్ నడుస్తుండగా కప్లర్ (మోటారుకు వైర్లు తగిలించే సాకెట్) దగ్గర వోల్టేజీ కొలవండి. 13కు అటూఇటూ ఉండాలి. 11కు తగ్గితే స్విచ్చి, వైరు, ఎర్త్ చూడాలి. వోల్టేజీ బాగుండీ తిరగకపోతే బ్రష్‌లు (మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగినట్టు. తక్కువ స్పీడు పోయి ఎక్కువ స్పీడు మాత్రం పనిచేస్తున్నా, స్విచ్చి బాగుందంటే కారణం సాధారణంగా ఆ స్పీడు బ్రష్షే.

బిగించేటప్పుడు ఆర్మ్‌లు పెట్టకుండా మోటారును నడిపి స్విచ్చితో ఆపండి. స్పిండిళ్లు ఆగాక టేపు గుర్తుకు సరిపెట్టి ఆర్మ్‌లు దించి నట్లు బిగించండి. అద్దం తడిపి రెండు స్పీడుల్లోనూ 2 నిమిషాలు ఆడించి, ఆపేశాక నట్లను మరోసారి పానాతో చూడండి. కొత్తగా బిగించినవి కొంచెం వదులవుతాయి.