కింది దవడ ఆపరేషన్‌కు ముందు చూసుకోవాల్సినవి

కర్నూల్లో మా చిన్నాయనకు గడ్డ ఉన్న దవడ ముక్క తీసేసి, కాల్లోని ఫిబులా అనే సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతికించారు. 1989 నుంచి ఉన్న పద్ధతే.

గుట్కా, బీడీ ఈరోజే బంద్. నికోటిన్‌తో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అతికించిన ఎముకకు రక్తం అందకపోతే పడ్డ కష్టమంతా వృథా. ఆపరేషన్‌కు రెండ్రోజుల ముందు కూడా చిన్నాయన చొక్కా జేబులో పొట్లం దొరికింది. పిన్ని తిట్లు వార్డంతా విన్నది.

కాళ్లకు సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) చేయించారా? పాదానికి రక్తం ఏ నాళంలో వెళ్తోందో చూడకుండా ఎముక తీయరు. పాత దెబ్బలుంటే దాచొద్దు. ఎముక తీసే కాలికి సూది, సెలైన్ వద్దని నర్సుకు గుర్తుచేయండి.

రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మందులు చీటీతో సహా చూపించండి. సొంతంగా ఆపొద్దు. పుచ్చిన పళ్ల సంగతి ముందే తేల్చుకోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి వచ్చిందో లేదో అడగండి.

పలక, బలపం కొనండి. నవ్వొద్దు! గొంతు దగ్గర శ్వాసకు రంధ్రం పెడితే కొన్నాళ్లు మాట రాదు. చిన్నాయన మొదట రాసింది "సంగటి". అప్పటికి ముక్కు గొట్టంలోంచి పాలే.

మొదటి రెండు మూడు రోజులు గంటగంటకూ వచ్చి అతికించిన చోట రంగు, వెచ్చదనం చూస్తారు. అర్ధరాత్రి లేపినా విసుక్కోవద్దు.