కాలనీలో వీధికుక్కల నియంత్రణ: నగరపాలక సేవలను సక్రమంగా అందుకోవడం ఎలా

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయినప్పటి నుంచి, హైదరాబాదులో కుక్కల గురించి ఫిర్యాదు చేయని కాలనీ అరుదు. అయితే ఎక్కువ ఫిర్యాదులు ఏదో ఒక కుక్క గురించే ఉంటాయి. వ్యాను వచ్చి దానిని తీసుకువెళుతుంది, పక్క సందులోని ఆడకుక్కలు మాత్రం ఏడాదికి రెండు ఈతల దాకా పిల్లలను పెడుతూనే ఉంటాయి. ఒక ప్రాంతంలోని కుక్కలలో సుమారు డెబ్బై శాతానికి తక్కువ వ్యవధిలో సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగితే తప్ప సంఖ్య తగ్గదు. కనుక సంక్షేమ సంఘం అడగవలసినది ఒక కుక్కను పట్టుకోమని కాదు, కాలనీ మొత్తానికి, వీలైతే ఆనుకొని ఉన్న బస్తీకి కూడా కలిపి, ఒకే విడతలో పని పూర్తి చేయమని.

ముందుగా లెక్క తీయాలి. తెల్లవారుజామున, వాహనాల రద్దీ మొదలుకాకముందే, ఇద్దరు మనుషులు ఒకే దారిలో వరుసగా రెండు రోజులు నడిచి, సందుల వారీగా కుక్కలను ఫొటోలతో నమోదు చేయాలి. మగదా ఆడదా, చెవి అంచున కత్తిరింపు (ఆపరేషన్ జరిగినట్లు గుర్తు) ఉందా లేదా, పాలిచ్చే తల్లా, గాయాలు, గజ్జి ఉన్నాయా అనే వివరాలు చాలు. కత్తిరింపు లేని ఆడకుక్కల సంఖ్యను విడిగా రాయాలి, ఎందుకంటే రాబోయే ఏడాది కాలనీ పరిస్థితిని తేల్చేది అదే. చెత్త పేరుకునే చోట్లను, చికెన్ దుకాణాల వెనుక భాగాలను కూడా పటంలో గుర్తించాలి.

ఈ పట్టికను, పటాన్ని జతచేసి నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) సర్కిల్ కార్యాలయంలోని పశువైద్య విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. 040-21111111 నంబరుకు గానీ జీహెచ్‌ఎంసీ యాప్‌లో గానీ ఫిర్యాదును నమోదు చేసి, ఆ సంఖ్యను దరఖాస్తుపై రాసుకుంటే తరువాత వాకబు చేయడం తేలిక.

కుక్కలను పట్టుకునే రోజున వాటికి అన్నం పెట్టేవారి సహకారం అన్నిటికన్నా విలువైనది. కాలనీలో వారిని నేరస్థుల్లా చూడడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం, ఎందుకంటే కుక్కలు నమ్మి దగ్గరకు వచ్చేది వారి పిలుపుకే. ఆ ఉదయం ముందుగా ఆహారం పెట్టకుండా, వ్యాను వచ్చిన తరువాత వారు పిలిస్తే, వెంబడించి బెదరగొట్టే పని తగ్గుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆరు నెలల లోపు పిల్లలకు శస్త్రచికిత్స చేయకూడదు. చంటిపిల్లల తల్లిని అప్పుడే పట్టుకుపోకుండా, పేరు విడిగా రాసుకొని, పిల్లలు పాలు మానిన తరువాత మళ్లీ కబురు పెట్టాలి.

శస్త్రచికిత్స తరువాత సాధారణంగా నాలుగైదు రోజులు కేంద్రంలో ఉంచి, పట్టుకున్న చోటనే వదలాలి. వేరే ప్రాంతంలో వదలడం నియమవిరుద్ధం. పైగా కొత్త చోటులో బెదిరిన కుక్క కరిచే ప్రమాదం ఎక్కువ. రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం తిరిగి వదలరాదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న స్పష్టం చేసింది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్ల వంటి ప్రాంగణాల గురించి అదే ఏడాది నవంబరులో వేరే ఆదేశాలు ఇచ్చింది. వ్యాను తిరిగి వచ్చినప్పుడు సంఘం తరఫున ఒకరు ఉండి, ఫొటోలతో పోల్చి, చెవి గుర్తును, కుట్లను చూసి పట్టికలో నమోదు చేయాలి.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. చెవి కత్తిరింపు ఆపరేషన్ జరిగిందని మాత్రమే చెబుతుంది, రేబిస్ టీకా ఇంకా పనిచేస్తోందని చెప్పదు. టీకాను ఏటా వేయించాలి. సెప్టెంబరు 28న వచ్చే ప్రపంచ రేబిస్ దినోత్సవాన్ని గడువుగా పెట్టుకొని, నెల ముందే శిబిరం కోసం దరఖాస్తు ఇవ్వడం మంచి పద్ధతి.

కుక్కలకు ఆహారం పెట్టే చోటును నిర్ణయించే బాధ్యతను 2023 నాటి నియమాలు నివాసితుల సంఘాలపైనే ఉంచాయి. పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, రాకపోకల ద్వారాలకు దూరంగా, నిర్ణీత వేళకు పెట్టి, మిగిలినది వెంటనే ఎత్తివేయాలి. మాంసం వ్యర్థాలు రోడ్డు మీద పడుతున్నంత కాలం ఈ ఏర్పాటు నిలవదు కనుక, దుకాణదారులతో మాట్లాడాలి, వినకపోతే పారిశుద్ధ్య విభాగానికి ఫిర్యాదు చేయాలి.

ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గానీ నారాయణగూడలోని ఐపీఎంకు (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) గానీ తీసుకువెళ్లాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ప్రతిరక్షకాల మందు) కూడా అవసరం. కరిచిన కుక్క ఆనవాళ్లు, చోటు, వేళ రాసి పశువైద్య విభాగానికి తెలిపి, దానిని పది రోజులు పరిశీలనలో ఉంచమని కోరాలి. కొట్టి చంపితే రోగం ఉందో లేదో తెలుసుకునే అవకాశం పోతుంది.

ఆరు నెలల తరువాత అదే దారిలో, అదే వేళకు మళ్లీ లెక్క తీయాలి. కత్తిరింపు లేని ఆడకుక్కలు ఇంకా మిగిలి ఉంటే రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి కొత్త దరఖాస్తు ఇవ్వాలి. సమాధానం రాకపోతే, సర్కిల్‌లో ఎన్ని శస్త్రచికిత్సలు, ఎన్ని టీకాలు జరిగాయో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగాలి.